ఏరు దాటిన గుమ్మడికాయ

నాగాయలంక బస్టాండు పక్కన ధనమ్మ టీ కొట్టు మీదకి ఆ ఏడు గుమ్మడి పాదు పాకి అయిదు పిందెలు వేసింది. అయిదూ ముదిరితే కార్తీకమాసమంతా కొట్లో పులుసుకి లోటుండదు. కానీ గుడివాడ ఎగ్జిబిషన్‌లో అన్నిటికంటే పెద్ద గుమ్మడికాయకి గ్యాసు పొయ్యి బహుమతి అన్నారు. ఊకపొయ్యి ముందు ఇరవయ్యేళ్ళుగా కళ్ళు మండించుకుంటున్న ధనమ్మకి ఆ మాట విన్నప్పటినుంచీ నిద్ర లేదు. ఒక్క పిందె ఉంచి మిగతా నాలుగూ కోసెయ్యమని సోమేశ్వరరావు నిన్ననే చెప్పాడు. కత్తయితే నూరి పెట్టుకుంది గానీ చెయ్యి రావడంలేదు.

సోమేశ్వరరావుది పెదపారుపూడి. రొయ్యల మేత అమ్ముకోడానికి వారానికి రెండుసార్లు దిగుతాడు. చొక్కా ఇస్త్రీ నలగదు, నోరు మూతపడదు.

ఇవాళా దిగాడు. పడవ నడిపే మోషే అప్పుడే వేలు మడిచి పిందెలు లెక్కపెడుతున్నాడు. ఇంకా కొయ్యలేదా అని సోమేశ్వరరావు ధనమ్మని కసిరి, బల్ల మీద చతికిలబడ్డాడు.

"తొంభై ఆరులో మా దొడ్లో ఒక్క కాయే ఉంచానమ్మా. ఇరవై కిలోలు తూగింది, అదేం గొప్ప కాదులే. అప్పుడు తొడిమ పక్కన గాటు పెట్టి, నూలు వత్తి దూర్చి, రెండో కొస పాలగిన్నెలో వేశాను. మొదట్రోజు గిద్దెడు తాగింది. వారం తిరిగేసరికి బిందెడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ఆవిడ ఇందిర కాఫీ మానేసింది. పాలు పితికే వేళకి కాయే గేదె దగ్గరికి దొర్లుకుంటూ వెళ్ళేది."

గేదె తన్నలేదా అని మోషే అడిగాడు.

"తన్నింది. గేదే పడింది. కాయ కింద గడ్డి పరవాలంటే ఒక వామి మొత్తం పట్టింది. పక్కింటి బుచ్చిరాజు గోడ రెండడుగులు అవతలికి జరిగిపోతే ఆయన సర్వేయర్ని తీసుకొచ్చాడు. పాపం ఆ సర్వేయరు గొలుసు కాయ చుట్టూ చాల్లేదు, బందరు నించి ఇంకోటి తెప్పించారు. ట్రాక్టరు లాగలేదు, లారీ లాగలేదు. ఏం చేస్తాం, మూత కోసి గుజ్జంతా తోడించి, మన కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం రేవులో దింపాను. ఆరోజు పెళ్ళివారు అరవైమంది, బ్యాండుమేళంతో సహా, దాంట్లోనే ఏరు దాటారు. తెడ్డు నేనే వేశాను."

కృష్ణ మీద ముప్పయ్యేళ్ళు పడవ నడిపిన మోషే టీ గ్లాసెత్తి ఓ గుక్క తాగాడు.

ఇదంతా కోతేనని ధనమ్మకి తెలుసు. అయినా ఇందులో పదోవంతు నిజమైనా పొయ్యి తనదేనన్న ఆశ వదలడంలేదు. ఇలాంటివాడి మాటకి ఆశపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ కత్తి చేతిలోకి తీసుకుంది.

"ఏది ఉంచమంటారు, బాబాయి గారూ?"

"అదిగో, ఆ మూడోది." సోమేశ్వరరావు లేచి నిలబడి చూపుడువేలు చాచి, పిందెకి జానెడు దూరంలో ఆడించాడు.

మోషే గ్లాసు కింద పెట్టాడు. పిందెకి వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని, చూపించాల్సొస్తే వేలు మడిచి చూపించాలని దివిసీమలోనే కాదు, గుమ్మడి పాదున్న ఏ ఊళ్ళోనైనా నిన్నగాక మొన్న మాటలొచ్చిన పిల్లకి కూడా తెలుసు. ధనమ్మ మూడో పిందె మీద తన కొంగు కప్పేసింది.

"ఏవైంది?" అన్నాడు సోమేశ్వరరావు, వేలు ఇంకా అలాగే ఉంచి.

అంటే ఇతను జన్మలో ఒక్క గుమ్మడి పాదు కూడా పెంచలేదు. ధనమ్మకి ఒళ్ళు మండింది.

"ఏవీ లేదు బాబాయి గారూ. ఈ వేలు పెట్టుకుని మీరు పెంచిన కాయ పిందెప్పుడే కుళ్ళిపోయుండాలి. మరి ఆ పెళ్ళివారు దేంట్లో దాటారండీ?"

మోషే పొలమారేదాకా నవ్వాడు. సోమేశ్వరరావు వేలు చూసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అవనిగడ్డ బస్సు వచ్చిందంటూ లేచాడు. అప్పటికి ఏ బస్సూ రాలేదు.

ధనమ్మ కత్తి చూరులో దోపి, పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఊకపొయ్యి ఊదడం మొదలెట్టింది. అయిదు పిందెలూ పాదునే ఉన్నాయి.