ఎములాడల ఎర్రగళ్ల అంగి

"నాయినమ్మా, మూడేండ్ల పిలగానికి ఊర్లు తిప్పి చూపిస్తే వానికేమన్న గుర్తుంటదంటవా? మేం ఊటీ పోదామనుకుంటున్నం. వాని కోసమైతే దండుగ అంటున్నడు ఆయన."

గుర్తుంటదా అని నన్నడుగుతున్నవా? మీ నాయిన్నడుగు పో. ముందుగాల గా ఫోన్ ఎందుకు నా ముంగట పెట్టినవో చెప్పు. రికార్డా? నా మాటలు పట్కపోయి ఎవలకు వినిపిస్తవు? సరే తియ్, ఉండనీ. మీ అత్తగారి గురించైతే నేనేం మాట్లాడ, ముందే చెప్తున్న.

మీ నాయినకు మూడేండ్లుండె గప్పుడు. పుట్టెంటికలు తీయలే ఇంకా. మనది ఎములాడ రాజన్న మొక్కు గదా. గాడికి పోయి మేనమామ ఒళ్లె కూసోబెట్టి తీసేదాంక కత్తెర తగలొద్దు. ఆడపిల్ల లెక్క నడుం దాంక ఎంటికలుండె వానికి. రెండు జడలేసి విడుస్తుంటి. బజార్ల అందరు ఆడపిల్లనే అనుకునేది.

గప్పటికి మన చేనంత ప్లాట్లయిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దిక్కు పోతుంటె ఇప్పుడు మెట్రో స్తంభాలున్నయి చూడు, గాడ మనం జొన్నలేస్తుంటిమి. కాదు కాదు, జొన్నలు మీ చిన్నతాతోళ్లు, మనది ఆముదాలు. సున్నంతోని గీతలు గీసి, రాళ్లు పాతి, కాలనీ అని బోర్డు పెట్టిన్రు. పొద్దున మన జాగల ఉన్న రాయి వారం తిరిగేసరికి పక్కోని జాగల ఉంటుండె. రాయికి కాళ్లొచ్చినయా? మనుషులే జరుపుతరు. మీ తాత నవ్వుతనే ఉండేటోడు. నేను మటుకు గప్పటిసంది ఎవలను నమ్మలే. ఇప్పుడు గూడ నమ్మ.

గా ప్లాట్ల పైసలతోనే ఈ ఇల్లు కట్టినం. ముంగటి రెండు రూములు కిరాయికిచ్చినం, తెనాలి దిక్కోళ్లకు. ఆమె పేరు సరోజిని. పెండ్లయి ఏడాది గూడ కాలే. మాటకు ముందు అండి, మాటెనక అండి. గంత మర్యాద చేస్తుందంటె నాకు అనుమానమే. కిరాయికొచ్చినోళ్లు ఇల్లు ఖాళీ చెయ్యకుండ కూసునుడు, కరెంటు మీటర్ వాళ్ల పేరు మీద ఎక్కించుకునుడు, గియన్ని గప్పుడు మస్తు అయితుండె. మీ నాయిన్ని చంకనేసుకుంటది, కన్నా అంటది, జడలేస్తది. "వదినగారూ, గుండు చేయించకముందు బాబుకి ఒక్క ఫొటో తీయిద్దామండీ" అన్నది ఒకనాడు. ఫొటో ఎందుకు? పిల్లలను ఎత్తుకపోయెటోళ్లకు చూపియ్యనీకా? వద్దన్న. అందుకే నీకు మీ నాయిన జడల ఫొటో లేదు, సమజయిందా.

ఇగ ఎములాడ పోవాలె. మీ తాత మెటడోర్ వ్యాను మాట్లాడిండు. నేను, మీ తాత, మీ మేనత్త పద్మ, దానికి ఆరేండ్లు, మీ నాయిన, నాదర్‌గుల్ నుంచి మా తమ్ముడు. గంతల సరోజిని "నేనూ వస్తానండీ, వేములవాడ ఎప్పుడూ చూడలేదు" అన్నది. మా రాజన్న దగ్గర నీకేం పని అని నోటి దాంక ఒచ్చింది. మీ తాతేమో రామ్మా అనేసిండు.

నేనేం తక్కువ తినలే. గుంపుల పిల్లలు తప్పిపోతే ఆనవాలు పట్టాలె గదా అని, ఎర్రగళ్ల బట్ట తానుకు తాను తెచ్చి, వానికి అంగి, దానికి గౌను కుట్టించిన. ఫర్లాంగు దూరం నుంచి అవుపడాలె అని దర్జీకి చెప్పిన. బట్టలు కుట్టుడుకు గా చెప్పుడు దేనికి అని ఆయన నా దిక్కు అదో తీరుగ చూసిండు.

తొవ్వల డ్రైవర్ మీద ఒక కన్నేసిన. ఊకె అద్దంల ఎనకకు చూస్తుండె. సిద్దిపేట కాడ చాయకు ఆపి, పిల్లలకు చెరొక బిస్కెట్ పుడ ఇచ్చిండు. ఎందుకిస్తడు? ఏం కలిపిండో. గుంజుకొని కిటికిలకెల్లి పారేసిన. పద్మ ఏడ్సిన ఏడుపు సిరిసిల్ల దాంక ఆగలే. యాభై ఏండ్లకు దగ్గరికొచ్చింది, ఇప్పటికీ నా ఇంటికొస్తె బిస్కెట్లు తెచ్చుకొని నా ముంగట కూసొని తింటది. గుర్తుండదంటున్నవు నువ్వు.

సరే. ఎములాడల మా తమ్ముని ఒళ్లె కూసోబెట్టి గుండు చేయించినం. ఒకటే ఏడుపు. ఇగ కోడె మొక్కు ఉండె. కోడెను పట్టుకొని గుడి చుట్టు తిరిగి కట్టెయ్యాలె, ఆలుమొగలిద్దరు ఉండాలె. లైన్ల నిలబడనీకి తమ్ముడు గూడ ఒచ్చిండు. పిల్లలెట్ల మరి? సరోజిని అన్నది, "మీరు వెళ్ళి రండి వదినగారూ, నేను బాబుకి స్నానం చేయించి కూర్చుంటాను" అని. నాకు పానం ఒప్పలే. గా రేకుల షెడ్డు స్తంభం కాడికెల్లి కదలొద్దని చెప్పి, పద్మను పక్కకు పిలిచి, "ఆమె మీద కన్నేసి ఉండు. ఏడికన్న పోతె ఎంబడి పో" అని చెవుల చెప్పిన.

మొక్కు అయిపోయి నేను ఉరుకొస్తె స్తంభం కాడ ఎవ్వలు లేరు. బిడ్డా, గా నిమిషం చెప్పరాదు. అనుకున్నంత అయిందనుకున్న. మీ తాత ఎనక రానే రాలే. చూస్తె చుట్టు అన్ని గుండ్లే. ఏ పిలగాన్ని చూసిన గుండు, గుండు మీద గంధం. జడలుంటె ఆనవాలు పడుతుంటి, గా జడలు నేనే తీయిస్తి గదా.

అప్పుడు అవుపడ్డది ఎర్రగళ్ల అంగి. గుండు, గంధం, గంతే ఎత్తు, ఎనకకెల్లి. ఒకామె ఎంబడి పోతున్నడు. దొరికింది దొంగ అనుకొని ఉరికి వాని రెక్క పట్టి గుంజుకొని వస్తున్న. వాడు మొత్తుకుంటున్నడు. పొద్దటిసంది మొత్తుకుంటనే ఉన్నడు గదా అని నేను మొకం గూడ చూడలే.

ఎనకకెల్లి నా కొంగు పట్టి ఆపింది గా ఆమె. "పిల్లలను ఎత్తుకపోయెటిది దొరికింది" అని ఒర్లింది. గప్పుడు చూసిన వాని మొకం. మీ నాయిన కాదు.

మా తమ్ముడు కొత్త లాల్చి తెచ్చిండు, గుండైనంక మేనమామ బట్టలే తొడగాలె. తానం చేయించి సరోజిని గదే తొడిగింది. గది మా రివాజే, మర్చిపోతె ఎట్ల? నేను ఎర్రగళ్లే ఎతుక్కుంట పోయిన. జనం జమైన్రు. ఒకడు చెయ్యి లేపిండు గూడ. నా పిలగాడు ఏడున్నడో తెల్వది, నా చేతిలనేమో ఎవలదో పిలగాడు.

గంతల సరోజిని ఉరుకొచ్చింది, చంకల మీ నాయిన, తెల్ల లాల్చిల. "ఆవిడ దొంగ కాదండీ. మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారు. తన పిల్లల్ని తప్ప ఎవరి పిల్లల్నీ కన్నెత్తి చూడదండీ" అన్నది. స్తంభం కాడ ఎండొచ్చిందట, పిలగాని తల కాలుతుందని నీడకు జరిగిందట.

గా తల్లి నమ్మలే. నా అసొంటిదే ఉన్నది. "గా పిలగాడు ఈమె దగ్గరికి పోతె నమ్ముత" అన్నది. నేను చెయ్యి చాపిన. ఇంకో చేతిల గా పిలగాని రెక్క ఇంకా విడవలే, సోయి లేదు నాకు. మీ నాయిన నన్ను చూసిండు, వాన్ని చూసిండు. మొకం తిప్పి సరోజిని మెడల దాసుకున్నడు. రాలే బిడ్డా. కన్నకొడుకు రాలే.

పద్మ లేకుంటె ఆ దినం నన్ను కొట్టేటోళ్లు. గుంపుల దూరి ఒచ్చి, అందరు వింటుండంగ, "అమ్మా, నువ్వు చెప్పినట్టే ఈ ఆంటీ మీద కన్నేసి ఉన్న. ఏడికి పోయిన ఎంబడే పోయిన" అని చెప్పింది. జనం పక్కున నవ్విన్రు. గా తల్లి గూడ నవ్వి కొంగిడిసింది. సరోజిని మటుకు నవ్వలే. పద్మ తల నిమిరి "మంచి పని చేశావమ్మా" అన్నది. నా దిక్కు చూడలే.

నాలుగేండ్లున్నరు మనింట్ల. మీర్‌పేట్ల సొంత ఇల్లు కట్టుకొని పోయిన్రు, ఒక్క మాట అనకుండ తాళం నా చేతుల పెట్టి పోయిన్రు. నేనైతే తాళం మార్పించిన. ఏం నవ్వుతున్నవు? మనిషి మంచిదే, తాళం సంగతి వేరు.

మీ నాయిన సంగతి చెప్త విను. గా ఊరు నుంచి ఒచ్చినంక, బువ్వ కలిపి పిలిస్తే దూరంగ నిలబడి "నేనేనా?" అనేటోడు. తానం పోస్తుంటె "నేనేనా అమ్మా?" నువ్వే బిడ్డా అంటె గప్పుడు దగ్గరికొచ్చేటోడు. ఎంటికలు మల్ల ఒచ్చేదాంక గదే అడుగుడు. లోకం మొత్తాన్ని అనుమానించిన నన్ను, నా కొడుకు అనుమానించిండు. మస్తు ఏడ్సిన నేను, బాత్రూంల నల్ల నీళ్లు ఇడిసి. మీ తాతకు గూడ తెల్వది.

ఇప్పుడు చూడు వాని తల, మల్ల గుండే అయింది, ఎంటికె లేదు. మొన్న కండ్ల దవాఖానకు తీస్కపోయిండు. మెట్రో కింద రోడ్డు దాటాలె. నాకు మసక, అన్ని ఒక్క తీరుగనే అవుపడుతున్నయి. ఎవలో చెయ్యి పట్టిన్రు. నేను గుంజుకున్న, ఎవలు నువ్వు అని. వాడు నా చెయ్యి తీసి వాని గుండు మీద పెట్టుకున్నడు. "నేనేనే అమ్మా" అన్నడు.

మూడేండ్ల పిలగాడు బిడ్డా. ఏం గుర్తుంటదని అడిగితివి.

పోయిరాండ్రి. సల్లగుండాలె మీరు. పిలగాన్ని మంచిగ చూస్కో, డ్రైవర్‌ది ఏ ఊరో అడుగు, చేతులు విడవకు... బిస్కెట్లిస్తే మటుకు తిననీ. ఇగ బంద్ చెయ్యి గా ఫోన్. చేసినవా? ఏది, చూపియ్యి...