మూలన చెరిపిన పేరు

ఎక్స్‌రే గదిలో జనం పలచబడ్డాక, కుట్టుపని నేర్పే ఆవిడ లోపలికొచ్చి, ఫొటోలు తీసే కుర్రాడి ముందు నిలబడింది.

“మా పక్కింటావిడ కూతురు నర్సు కోర్సు చదువుతోంది బాబూ. వాళ్ళ క్లాసులో ఒక ఎక్స్‌రే చూపించారట. ఎవరో తెలివితక్కువ మనిషి గుండుసూది నోట్లో పెట్టుకుని, దగ్గొచ్చి ఊపిరితిత్తుల్లోకి పీల్చేసుకుందట. అందరూ కడుపుబ్బ నవ్వారట. ఆవిడ పనిగట్టుకుని వచ్చి నాకే చెప్పింది!”

“మీరేమన్నారమ్మా?”

“నేనూ నవ్వాను. ఆ ఎక్స్‌రే నాదేనని ఆవిడకేం తెలుసు! నోట్లో సూదులు పెట్టుకోవద్దని ఆడపిల్లల్ని రోజూ తిట్టేదాన్ని నేనే కదా! నా పేరు కనబడి ఉంటే, మళ్ళీ ఒక్క తల్లయినా పిల్లని నా దగ్గరికి పంపేదా?”

“పేరు రెండు చోట్ల ఉంటుందమ్మా. కంప్యూటర్ ఫైల్లో ఒకటి, ఫొటో మూలన అచ్చుపడి ఇంకొకటి. మొదటిది తీసేసి చేతులు దులుపుకుంటే, రెండోది పళ్ళికిలిస్తూ అక్కడే ఉంటుంది. కాలేజీకి పంపేముందు రెండూ చెరిపేశాను.”

“నీ కడుపు చల్లగుండ! సూది తీసి డాక్టరుగారు ప్రాణం నిలబెట్టారు, పేరు తీసి నువ్వు పరువు నిలబెట్టావు.”

“పిల్లలు చదువుకోడానికి వాడుకోమని ఒప్పుకున్నారు మీరు. మాకూ ఆ మాత్రం బాధ్యత ఉండొద్దూ?”

“అయితే నాదొక్క కోరిక నాయనా. క్లాసంతా నవ్విన ఆ ఫొటో నాకూ ఒక్కసారి చూపించు.”

“సూదులు లోపలికి పోయిన టైలర్లవి బోలెడు పంపానమ్మా. వాటిలో మీదేదో ఇప్పుడు నాకే తెలీదు.”