కాకి గొంతు

ఎడిటింగ్ గదిలో తల్లీకూతుళ్లిద్దరే ఉన్నారు. పాత కార్టూన్లలో ఏది మళ్లీ వేయొచ్చో, ఏది కూడదో ఛానల్ తరఫున తేల్చేది కూతురు. ముప్ఫై ఏళ్ల కిందట వాటిలో కాకికి గొంతిచ్చింది తల్లి. తెర మీద కాకి నెత్తిన పెనం పడి, బొమ్మ అక్కడే ఆగి ఉంది.

"నవ్వకమ్మా."

"నవ్వొస్తే ఏం చెయ్యనే? పెనం పడ్డా ఆ ముక్కు తిప్పడం చూడు!"

"అదే చూస్తున్నా. పిల్లి దొరగారు, కుక్క పోలీసు, కుందేలు పంతులమ్మ. వాళ్లంతా అచ్చేసినట్టు మాట్లాడతారు. అంట్లు తోమే కాకి ఒక్కదానికే ఆ యాస. దెబ్బలూ దానికే."

"పిల్లికి పడవూ? తోక తలుపులో..."

"పిల్లి తోక నలిగితే పిల్లలు అయ్యో అంటారు. కాకి నోరు తెరిస్తే చాలు, నవ్వుతారు. మా బళ్లో అలా మాట్లాడే పిల్లని కాకీ కాకీ అని ఎంత ఏడిపించారో! పాపం, బడే మానేసింది."

"తీసెయ్ మరి."

"తియ్యక్కర్లేదు. బొమ్మ ఉంచి గొంతు మారుస్తాం. నువ్వే చెప్పు. ఇప్పుడు మాట్లాడుతున్నట్టే, శుభ్రంగా."

"శుభ్రంగా!"

"మాట పట్టుకోకు. సాయంత్రంలోగా తేల్చాలి. నువ్వు కాదంటే ఇంకో అమ్మాయి చెబుతుంది."

"చెప్పించుకోండి. పాతదేం చేస్తారు?"

"చెరిపేస్తారు."

"చెరిపేస్తారా? మొత్తమా?"

"ఎందుకంత కంగారు? కాకిపిల్ల కాకికి ముద్దని, నీ వెక్కిరింపు నీకు ముద్దు!"

"వెక్కిరింపా? ఏదైనా వింత గొంతు పెట్టమన్నాడు డైరెక్టరు. నేను వింతేం పెట్టలా."

"మరి ఆ యాస ఎక్కడ నేర్చుకున్నావ్?"

"నేర్చుకోలేదు."

"అమ్మా..."

"అది మీ అమ్మమ్మ. నువ్వు పుట్టకముందే పోయింది. ఇళ్లల్లో అంట్లు తోమి నన్ను చదివించింది. అచ్చం అలాగే మాట్లాడేది. ఫొటో అయితే ఉంది గానీ, ఆవిడ మాట మిగిలింది ఆ కాకిలోనే."

"నాకెప్పుడూ చెప్పలేదే! అయినా, నువ్వలా మాట్లాడగా నేనెప్పుడూ విన్లేదు."

"ఎలా వింటావే? నిన్నెవరూ కాకీ అనకూడదని, నువ్వు పుట్టిన దగ్గర్నించీ ఇంట్లో నేను చెబుతున్నదంతా డబ్బింగే."