వెంకటి ఎక్కడున్నాడన్నందుకు సత్తమ్మ చెప్పినది

నా పేరు వేముల సత్తమ్మ. వయస్సు యాభై రెండు. పెనిమిటి లేడు. పద్మశాలీలము. హుజూరాబాద్ సాలెవాడలో నా తమ్ముడు లక్ష్మీరాజం ఇంట్లో ఉంటాను. అతని మగ్గానికి నూలు కండెలు చుడతాను. తోడబుట్టిన వాళ్లలో నేనే పెద్దదాన్ని. మా అవ్వ, అంటే మా తల్లి ఐలవ్వ, నిన్న ఠాణాలో చేసిన ఫిర్యాదు సంగతి తమరు అడిగినందుకు ఈ మాటలు చెప్పుతున్నాను.

నిన్న, 1961 డిసెంబరు 13, బుధవారం. ఎప్పటి మాదిరే తెల్లవారింది. వాకిలి ఊడ్చి సాన్పి చల్లినాను. స్నానం చేసి, దీపం పెట్టి, రామనామం చెప్పుకుంటూ రాట్నం ముందు కూర్చున్నాను. చలికి నూలు సరిగా ఆరలేదు. తమ్ముడు మగ్గం గుంటలో దిగి తెగిన పోగులు అతుకుతున్నాడు. అతని భార్య బాలవ్వ జొన్న గటుక కలుపుతున్నది. అవ్వ గడప దగ్గర ఎండలో కాళ్లు చాపుకొని, పసిపిల్లకు నీళ్లు పోసేటప్పటి లాగ, కుక్కపిల్లను కాళ్ల మీద వెల్లకిల పండబెట్టుకున్నది. అరచేతిలో ఆముదం పోసుకొని దాని బొడ్డు దగ్గర నుంచి తొడల దాకా రాస్తున్నది. కిందికే రాస్తున్నది. "దిగు కొడుకా, దిగు" అంటున్నది.

కుక్కపిల్ల పేరు మోతి. వయస్సు ఆరు నెలలు. మొన్నామధ్య దాని కాలు మగ్గం తొక్కుడు కర్ర కింద పడి వాస్తే తమ్ముడు పశువుల దవాఖానకు తీసుకపోయినాడు. కాలుకు ఏమీ కాలేదు. అయితే డాక్టరు దాన్ని తడిమి చూసి, ఒక బీజం కిందికి దిగలేదు, కడుపులోనే ఉండిపోయింది, ఉండనిస్తే వయసు మీద పడ్డాక గడ్డ కట్టే భయం ఉన్నది, పొట్ట కోసి అది తీసి, రెండోదీ తీసేస్తే మంచిది అన్నాడట. గురువారం తెమ్మన్నాడు. తమ్ముడు సరేనని వచ్చినాడు. గురువారం తెమ్మన్న సంగతి అవ్వకు చెప్పలేదు.

బాలవ్వ నవ్వుకుంటూ అన్నది: "అత్తా, నా పిల్లలకు ఒక్కనాడన్న గింత నూనె రాసినవా? గా ఒంటి వట్టదానికి రాయవడితివి."

"నీ పిల్లలకు అన్నీ సక్కగనే ఉన్నయి గదనే" అన్నది అవ్వ.

తమ్ముడు గుంటలో నుంచే అన్నాడు: "రాసుడెందుకవ్వా. దిగేదుంటే ఇన్నొద్దులు దిగకపోవునా? రేపు దవాఖానల కోపిచ్చుకొస్త. ఫికర్ జెయ్యకు."

అవ్వ చెయ్యి ఆగింది. నేను కండె మార్చుకున్నాను.

అన్నాలు తిన్నాక అవ్వ కుక్కపిల్లను కొంగులో చుట్టుకొని బయటికి పోయింది. పక్కింటికని అనుకున్నాము. మూడు గంటల వేళ పోలీసు జవాను వచ్చి వాకిట్లో నిలబడి, "వెంకటి ఎక్కడున్నడు?" అని అడిగినాడు.

బాలవ్వ నా దిక్కు చూసింది.

"ఐదేండ్ల పోరడు, వెంకటి. యాడ దాచిండ్రు?"

నేస్తున్న తమ్ముని చేతిలో నాడె ఆగిపోయింది. ఆ పేరు మా ఇంట్లో నలభై ఏండ్లుగా ఎవరమూ పలుకలేదు. తమ్మునికి పేరు తెలుసు, మనిషి తెలియదు. మేము అట్లా ఉండిపోవడం చూసి జవాను అనుమానపడినాడు. అందులో ఆయన తప్పు లేదు. తమ్ముణ్ని వెంట తీసుకపోయినాడు. నేను వెనుకనే వచ్చినాను.

ఠాణా అరుగు మీద అవ్వ కూర్చొని ఉన్నది. ఒడిలో కుక్కపిల్ల నిద్రపోతున్నది. అవ్వ చెప్పి రాయించిన కాగితం తమరు చదివి వినిపించినారు. "నా కొడుకు లక్ష్మీరాజం నా ఐదేండ్ల కొడుకు వెంకటిని రేపు కోయిస్తడట. అడ్డం పడుండ్రి" అని ఉన్నది. నిన్న నోటితో చెప్పిందే ఈ రోజు రాయిస్తున్నాను.

వెంకటి నా తమ్ముడు. లక్ష్మీరాజానికి పెద్దవాడు. వానికీ ఒకటి దిగలేదు. అవ్వ పొద్దున పొద్దున ఆముదం రాసేది. దిగు కొడుకా, దిగు అనేది. వానికి ఐదేండ్లప్పుడు ఊళ్లు తిరిగే వైద్యుడొకడు వచ్చి, చిన్న కోత పెట్టి దించుతానన్నాడు. మా బాపు ఒప్పుకున్నాడు. తల్లి ఇంట్లో ఉండవద్దని వైద్యుడు అంటే, బాపు అవ్వ చేతికి బిందె ఇచ్చి, "నీళ్లకు పో" అన్నాడు. నాకప్పుడు పన్నెండేండ్లు. అవ్వ వెంట పోయినాను. బాయి దగ్గరికి అరుపు వినవచ్చింది. అవ్వ చేంతాడు విడిచిపెట్టింది. ఆ చేద ఇప్పటికీ బాయిలోనే ఉన్నది. మేము వచ్చేసరికి తలుపు వేసి ఉన్నది. జ్వరం వచ్చి వెంకటి మూడో నాడు పోయినాడు. అప్పటి నుంచి అవ్వ నీళ్లకు పోలేదు. నేను అత్తగారింట్లో ఉన్న నాలుగేండ్లు తప్ప, మా ఇంటికి నీళ్లు నేనే తెస్తాను.

అవ్వకు మతి లేదని రాయవద్దని మనవి. కొడుకా అని మా దగ్గర అందరినీ పిలుస్తారు. కుక్కపిల్లను పిలిస్తే మాకు కొత్తగా అనిపించలేదు. నిన్న ఇంటికి పోతూ, "అవ్వా, వెంకటి పేరెందుకు చెప్పినవ్?" అని అడిగినాను.

"కుక్కపిల్లను కోస్తరంటే పోలీసోల్లు వస్తరా బిడ్డా?" అన్నది. కొంత దూరం పోయినాక మళ్లీ అన్నది: "గా నాడు పిలుద్దామంటే ఠాణా యాడున్నదో నాకు ఎరుకలేకపాయె."

ఫిర్యాదు మీద ఇక నడపవలసింది ఏమీ లేదు. ఆ కాగితం మాత్రం చింపవద్దని అవ్వ అడగమన్నది. వెంకటి పేరు కాగితం మీద పడటం అదే మొదలు.

నిన్న సాయంత్రం దీపాలు పెట్టినాక నలుగురమూ కూర్చున్నాము. తమ్ముడు తల వంచుకొని, "వద్దులే అవ్వా. కోపియ్య. అట్లనే ఉండనీ" అన్నాడు. బాలవ్వ కూడా ఊ అన్నది. నేనూ అదే మంచిదనుకున్నాను.

అవ్వ కుక్కపిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"కోయకుంటే?"

"ముసల్తనంల గడ్డ అయితదట."

"కోస్తే ముసలోడైతడా?"

"అయితడవ్వా. డాక్టరు గట్లనే చెప్పిండు."

"అయితే కోపియ్యుండ్రి" అన్నది అవ్వ. "నన్ను నీళ్లకు పంపకుండ్రి. నేను పట్టుకుంట."

కోయించాలని, అవ్వే పట్టుకోవాలని, ఆమెను ఎవరూ బయటికి పంపగూడదని అనుకున్నాము. ఇక్కడి నుంచి నేరుగా దవాఖానకే పోతాము. అవ్వ అరుగు మీద కూర్చొని ఉన్నది.

నేను చెప్పింది చెప్పినట్టు రాసి నాకు చదివి వినిపించినారు. ఇందులో అబద్ధం లేదు. పొద్దున దీపం ముందు నిలబడి కూడా ఇదే చెప్పుకున్నాను.

వేముల సత్తమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర
14 డిసెంబరు 1961, గురువారం