మూడో ప్రకటన

1977 జూలై, ఆదివారం పొద్దున్న. కోరాపుట్ దగ్గర ఒక మిషన్ ఆసుపత్రి కాంపౌండు. హెడ్ నర్సు దేవకుమారి చర్చికి తయారవుతోంది. అక్క కొడుకు రత్నకుమార్ దుప్పటి కప్పుకుని, వెనక గదిలో గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

“సావాసగాడి కోసం అడుగుతున్నానంటావు, నా మొహం సూడకుండా గోడకేసి సూస్తావు. ఇరవయ్యేళ్లు నర్సుపని సేసేన్రా రత్నం. సావాసగాడి రోగమని వచ్చినోడు ఒక్కడూ సావాసగాడి కోసం రాలేదు.”

“ఎవరి కోసమైతే ఏటి పిన్నీ? ఆ ఆపరేషనుకి ఏటేటవుతాదో సెప్పు, సాలు.”

“ఏ ఆపరేషను? పేరెట్టి సెప్పు.”

“నీకు తెలుసు.”

“నాకు తెలీదు. మొదటి గంట కొట్టీసేరు, నాను చర్చికెల్లాలి. ఆ దువ్వెన ఇలాగ అందించు.”

“నువ్వే తీసుకో పిన్నీ. బస్సులో కాళ్లు పట్టీసేయి, లేవలేను... మగోడు ఆడది అవడానికి సేసేది. ఆ ఆపరేషను.”

“ఓలమ్మో! సేతిలో బైబిలెట్టుకుని ఇనాల్సిన మాటేనా ఇది? మెల్లిగా మాటాడు. పక్క క్వార్టరులో అమ్మన్నమ్మ ఉన్నాది. ఇక్కడ గుసగుసలాడితే ఆవిడ మందుల గదిలో సెప్పీస్తాది.”

“మెల్లిగానే అంటన్నాను. గట్టిగా అనడానికి ఓపిక లేదు.”

“ఏ బస్సుకొచ్చేవు? రాయగడ బస్సు ఈయేళప్పుడు రాదే.”

“రాయగడ నుంచి కాదు. బోరిగుమ్మ నుంచి.”

“బోరిగుమ్మలో నీకేటి పని? నీ పేపరు మిల్లు రాయగడ పక్క జేకేపూర్ నుంచి లేచి అక్కడికెల్లిందా? ఈయేల మీ చర్చిలో నీ పెళ్లికి మూడో ప్రకటన. మీ నాన్న ఉత్తరం రాసేడు. రెండాదివారాలు సదివేరు, ఎవరూ అభ్యంతరం సెప్పలేదు, ఈ మూడోదీ అయిపోతే వచ్చే నెల పెళ్లేనని. పెళ్లికొడుకువి, ముందు బెంచీలో కూకోవాల్సినోడివి.”

“రెండాదివారాలూ కూకున్నాను. ‘ఎవరికైనా అభ్యంతరముంటే లేచి సెప్పండి’ అంటారు పాస్టరుగారు. లేచి సెప్పాల్సింది నానే పిన్నీ. కాళ్లు లెగలేదు.”

“పిల్ల నచ్చలేదా? పద్మకుమారి బంగారంలాంటి పిల్లని అందరూ అంటన్నారు.”

“బంగారమే. పెళ్లిసూపుల్లో ఆ పిల్ల సీర కుచ్చిళ్లు సర్దుకుని కూకుంది. ఆ పిల్లని సేసుకోవాలని అనిపించలేదు పిన్నీ. ఆ పిల్లలాగ కూకోవాలనిపించింది.”

“నోరు ముయ్యి.”

“ఇరవై నాలుగేళ్లూ మూసే ఉంచేను.”

“మీ నాన్న ఇంటే సంపీస్తాడు. జీవానందం మాస్టారి కొడుకు ఇలాగని తెలిస్తే ఆయన బడికెలా ఎల్తాడు, తలెక్కడెట్టుకుంటాడు?”

“అందుకే నీ కాడికొచ్చేను. క్రిస్మసు నాటకంలో నాకు మరియమ్మ వేషం కట్టింది నువ్వే కదా. నీ తెల్లసీర, నీ పిన్నులు. ఏడేళ్లు నాకప్పుడు.”

“ఆ ఏడాది కాంపౌండులో ఆడపిల్లలు లేక కట్టేను.”

“నాటకమయిపోయినాక సీర ఇప్పనని ఏడిస్తే, పొద్దున్నదాకా ఉంచీమన్నావు. అమ్మ తిట్టింది. నువ్వు తిట్టలేదు.”

“నిద్దరపోతే మర్సిపోతావనుకున్నాను.”

“మర్సిపోలేదు. అప్పుడే పేరు కూడా ఎట్టుకున్నాను. సుమతి.”

“ఆ పేరు నా ముందు అనకు. నా పిన్నులెక్కడ ఎట్టేనో... ఈ గదిలో ఈగలేటిలాగ ముసురుతున్నాయి? పొద్దున్నే ఫినాయిలేసి కడిగేను.”

“వానాకాలం కదా.”

“వానాకాలమని ఆ దుప్పటేటి, ముసలోడిలాగ? అదేటి, సర్కారీ దుప్పటిలాగుంది?”

“క్యాంపులో ఇచ్చేరు.”

“ఏ క్యాంపులో?”

“పోయినేడు మిల్లు కాడ ఎట్టేరు కదా, పిల్లలు పుట్టకుండా మగోళ్లకి సేసే క్యాంపు. పేరిచ్చేను.”

“నువ్వా? పెళ్లికాని గుంటడివి!”

“ఇద్దరు పిల్లల తండ్రినని సెప్పేను. రాసుకునేవోడికి ఆ రోజు లెక్కకి మనుషులు తక్కువయ్యేరు. నా మొహం కూడా సూడకుండా రాసుకున్నాడు.”

“దేనికిరా? ఎవడైనా బలవంతంగా లాక్కెల్లేడా?”

“అది సేయించుకుంటే మగతనం పోతాదని మిల్లులో అందరూ కొండల్లోకి పారిపోయేరు పిన్నీ. నాను అందుకే లగెత్తుకుని ఎల్లేను.”

“నా తండ్రే! ఓరి పిచ్చిగుంటడా! దానికి పిల్లలు పుట్టరు గానీ మగతనం ఎక్కడికీ పోదురా. ఎవరినైనా ఒక్కమాట అడగొద్దా?”

“ఎవర్ని అడుగుతాను? నెల్లాళ్లు అద్దంలో సూసుకున్నాను. మీసం అలాగే వచ్చింది. మిగిలిందల్లా ఈ దుప్పటి.”

“నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు.”

“నవ్వు పిన్నీ. నువ్వు నవ్వి సానాళ్లయింది... ఇంకో గ్లాసు నీళ్లియ్యి.”

“ఇప్పుడేగా సెంబుడు తాగేవు? ఉప్పుసేప తిన్నావేటి? ఇదిగో, తాగు. నీ సెయ్యేటి ఇలాగ మంచులాగుంది?”

“కొండగాలి. కిటికీ పక్కన కూకున్నాను. ఆ క్యాంపులో కట్టు కట్టిన కాంపౌండరు నా మనసు కనిపెట్టేడు పిన్నీ. ‘తమ్ముడూ, నీకు కావలసింది ఇది కాదు. బోరిగుమ్మలో నా ఇల్లుంది, రా’ అన్నాడు.”

“ఎవడాడు?”

“త్రినాథరావు.”

“ఆడా? ఆడు మనుషుల కాంపౌండరు కాదురా, పశువుల ఆసుపత్రిలో సేసినోడు. కోడెలని ఎద్దులు సేసిన సెయ్యి అది. క్యాంపుకి మనుషులు సాలక ఆణ్ణి తెచ్చేరు. ఆడితో మాటాడేవా? ఎల్తానని మాటిచ్చేవా?”

“ఆ మాట తరవాత. ఏటవుతాదో ముందు సెప్పు.”

“సెప్తాను. సెప్తే బయపడి ఆ గుమ్మం తొక్కవు. రెండేళ్ల కింద ఒకర్తిని ఎడ్లబండి మీద తెచ్చేరు. కాగితంలో మగపేరుంది, అది మాత్రం తన పేరు ప్రేమలీల అంది. ఎవడో ఇలాంటోడే కోసి, గుడ్డలు కుక్కి పంపీసేడు. మొదట నొప్పే తెలీలేదంది. ఏదో గెలిసొచ్చినట్టు ఉందంది.”

“అవును.”

“ఏటి అవును?”

“అలాగే ఉంటాదేమో అంటన్నాను. తరవాత?”

“తరవాత రక్తం. ధారగా పోతే ఎవరైనా సూస్తారు. అది సుక్క సుక్కగా పోయింది. కట్టు గట్టిగా ఉన్నాదనుకుంటారు, బండి కుదిపితే లోపల ఊడిపోతాది. దాహం, సలి, సెవుల్లో హోరు. మూత్రం ఆగిపోతాది. అది బతికితే జొరం పట్టుకుంటాది. అన్నిటికన్నా సెడ్డది నిద్దర. ‘హాయిగుంది, ఒక్క కునుకు తీస్తాను’ అన్నాదంటే మరి లేపలేం.”

“ఎంతసేపటికి నిద్దరొస్తాది?”

“మనిషిని బట్టి. అదేటి ప్రశ్నరా? పరీక్షకి సదువుతున్నావా?”

“ప్రేమలీల మరి లెగలేదా?”

“ఇక్కడ కాదు. కింద పెద్దాసుపత్రికి పంపీమన్నారు. జీపులో ఘాటీ రోడ్డు దిగుతుండగానే...”

“ఇక్కడ ఆపరేషన్ గది ఉంది కదా. డాక్టరుగారున్నారు కదా.”

“పోలీసు కేసవుతాది. ఇలాంటోలని రానిస్తే రేపు గేటు కాడ బారులు తీరుతారు, మిషనుకి సెడ్డపేరు.”

“ఎవరన్నారు అలాగ?”

“అక్కడ నేలమీద తడేటి? నీళ్లు ఒలకబోసేవా?”

“గ్లాసు ఒరిగింది. ఎర్రగచ్చు కదా, తెలీదులే. ఎవరన్నారు పిన్నీ?”

“... నానే.”

“నువ్వా?”

“ఆపరేషన్ గది తాళం నా నడుముకే ఉంటాది, ఇదిగో, ఇప్పుడూ ఉన్నాది. డాక్టరుగారు ‘తియ్యి’ అంటే తాళం కనబడలేదన్నాను. ఎతికినట్టు నటించేను. ఆ లోపల జీపొచ్చీసింది. ఈ మాట పాస్టరుగారికి కూడా సెప్పలేదు. దాని గతి నీకు రాకూడదని సెప్తున్నాను, ఇను. ఆ త్రినాథరావు సేత కోయించుకుని నా గుమ్మంలోకొచ్చేవంటే, అక్క కొడుకువని సూడను. తలుపు తియ్యను. ఇన్నావా?”

“ఇంకో గుక్క నీళ్లున్నాయా పిన్నీ?”

“నీళ్లు తరవాత. ఇన్నావా అంటన్నాను.”

“ఇన్నాను పిన్నీ.”

“బయపెట్టడానికే అంటన్నాను. కోపం తెచ్చుకోకు.”

“కోపం లేదు. నువ్వు సెప్పు. మంచిగా సేసేవోళ్లు ఎవరూ లేరా ఈ లోకంలో?”

“... ఉన్నారు. మద్రాసులో ఒకాయన. ఇక్కడి పాత డాక్టరమ్మకి ఆయన ఉత్తరాలు రాసేవోడు, నాను సదివేను. ప్రేమలీల పోయినాక మళ్లీ తీసి సదివేను.”

“ఆయనెలా సేస్తాడు?”

“ముందు కత్తే పట్టడు. మాటాడతాడు. మనసు డాక్టరుకి సూపిస్తారు, ఆయన నెలల తరబడి అడిగిందే అడుగుతాడు. ఏడాది సీర కట్టుకుని నలుగురిలో తిరిగి రమ్మంటారు. కత్తికన్నా అదే ఎక్కువ నొప్పి. అప్పుడు రక్తం సీసాలు దగ్గరెట్టుకుని, మత్తిచ్చి సేస్తారు. మూడు వారాలు మంచం దిగనివ్వరు. గొంతు మారదు. పిల్లలు పుట్టరు, ఆ ముచ్చట క్యాంపులోనే తీర్సుకున్నావు. ఈదిలో ఎవడో ఒకడు ఉమ్ముతాడు, దానికి మందు లేదు. అన్నీ అయినాక కూడా కొన్నాళ్లు ఏడుపొస్తాదట, ఎందుకో తెలీకుండా.”

“అదంతా పరవాలేదు. ఏడాది కాదు, పదేళ్లయినా తిరుగుతాను.”

“ఒక కాగితం ఉంటాది. సొంత మనిషి సంతకం సెయ్యాలి. మీ నాన్న సస్తే సెయ్యడు.”

“అమ్మ లేదు.”

“నానున్నాను కదా.”

“నువ్వు సేస్తావా? ఏటని రాస్తావు?”

“ఏటని రాస్తాను... మా అక్క కూతురు సుమతి అని రాస్తాను. అంతకన్నా ఏటి రాయడం? రేపే ఉత్తరం ఏస్తాను. మీ నాన్నకి కూడా నానే సెప్తాను, పెళ్లి వద్దని. ఆ పద్మకుమారి బతుకైనా బాగుంటాది. ఏటమ్మీ, ఏడుస్తున్నావేటి?”

“అమ్మీ అన్నావు.”

“అన్నాను. నోటికొచ్చీసింది. ముక్కు తుడుసుకో. అదిగో రెండో గంట. లెగు, చర్చికి నాతో రా. డాక్టరుగారూ అందరూ అక్కడే ఉంటారు, ఆసుపత్రిలో ఇప్పుడు పురుగు లేదు. ఆరాధనయినాక ఆయనతో మాటాడదాం.”

“ఈ మాట మొన్న శుక్రవారం సెప్పుంటే బాగుండేది పిన్నీ.”

“శుక్రవారమేటి?”

“వచ్చేను. గేటు కాడ గంటసేపు నిలబడ్డాను. చిలకమ్మ ఆయా సేత డ్యూటీలో ఉన్నావని సెప్పించేవు. కిటికీలోంచి నువ్వు కనబడ్డావు. బట్టలు మడతెడుతున్నావు.”

“పెళ్లి ఆపమని ఏడుస్తావని... మీ నాన్నకి అడ్డెల్లాల్సొస్తాదని బయపడ్డాను అమ్మీ. నాది తప్పే. ఈయేల ఇన్నాను కదా. లెగు.”

“నిన్ను అడుగుదామనే వచ్చేను. ఏటేటవుతాదో ముందు తెలుసుకుందామని. అడగడానికి మరెవరూ లేక, అటునించటే బస్సెక్కీసేను.”

“ఏ బస్సు? లెగమంటే కబుర్లు సెప్తావు. సెయ్యియ్యి, లేపుతాను.”

“లాగకు పిన్నీ. ఘాటీ కుదుపులకి కట్టు ఊడిపోయినట్టుంది.”

“ఏ కట్టు?”

“తలుపు తియ్యనన్నావు కదా. అందుకే సెప్పలేకపోయేను. హాయిగుంది పిన్నీ, నిద్దరొస్తోంది.”

“నిద్దరేటి? ఇటు సూడు. కళ్లు తెరు. సుమతీ! ఆ దుప్పటి తియ్యి, ఏటి దాస్తున్నావు?”

“మూడో ప్రకటనకి నా అభ్యంతరం నిన్ననే సెప్పీసేను పిన్నీ, బోరిగుమ్మలో. దుప్పటి కింద తరవాత సూద్దువు గానీ, ముందు ఆ తాళం తియ్యి.”