రంగం బజార్లో పసుపు గుడ్డ

ఎర్రమ్మని ఒకర్తి ఉండేదంట, సేపలోల్ల పిల్ల. దాని అన్న దానయ్య రంగం ఎల్లిపోనాడు. రంగమంటే రంగూనే, మనోల్లు ఓడెక్కి కూలికెల్లీవోరు, అదనుకో. పదకొండేళ్లయినా మనిషి లేడు, కబురు లేదు. ఇంటికాడ ఒదిన నూకాలు దూలం కేసి సూస్తా కూకునీదంట. ఎందుకంటే, మగోడు సముద్రం దాటితే ఆడి పేరన ఒక ఎండు కోనాం సేప, తోకకి పసుపు గుడ్డ సుట్టి, దూలానికి ఏలాడగడతారు. అమ్మకూడదు, తినకూడదు. ఆడే వచ్చి దింపుకోవాల. ఇంక రాడని తెలిస్తే మాత్రం ఇంటాడపడుసు దించి సముద్రంలో ఒదిలీయాల. "ఉన్నాడో లేడో ఒక్క మాట తెచ్చియ్యి, నానింక దాన్ని సూడలేను" అందంట నూకాలు. సర్లే అని ఎర్రమ్మ కూలోల్లతో ఓడెక్కీసింది.

రంగంలో నాలుగు రోజులు తిరిగింది. ఎవుల్నడిగినా తెలీదంటారు. ఎండుసేపల పనోడైతే పాత బజార్లో సూడమ్మా అన్నారంట ఎవరో. ఆ బజారు మన సంత లాగ కాదు, తాతల నాటిది, ఊరంత కప్పు, ఇనప స్తంభాలు. ఒక వరస బియ్యం, ఒక వరస అరటికాయలు, ఒక వరసంతా ఎండురొయ్యలు. ముక్కు మూసుకోవాల. మనకి కాదులే, మనకదే అన్నం వాసన. ఏటయిందంటే, ఆ వరస కొసన ఒక అంగడి దూలానికి కోనాం సేప, తోకకి పసుపు గుడ్డ. మా అన్న ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు అనుకుంది ఎర్రమ్మ. గుడ్డ కట్టేరంటే మనిషి దగ్గర లేడనే కదా, ఆ సంబరంలో అది తట్టలేదు దానికి. అంగట్లో కూకున్నది బర్మా ఆడమనిషి. సేప కేసి సెయ్యి సూపిస్తే, "అది అమ్మనమ్మా" అంది. తెలుగులో అంది, అదీ మన యాసలో. "నాను దానయ్య సెల్లెల్ని" అంది ఎర్రమ్మ. ఆ మనిషి లేచొచ్చి రెండు సేతులూ పట్టీసుకుని, "అతను అమ్మని సూసొస్తానని మీ ఊరి ఓడెక్కి మూడేళ్లయింది. నిన్ను పంపినాడా? బాగున్నాడా?" అని అడిగిందంట.

మూడేళ్ల కిందట రంగం నుంచొస్తా ఓడొకటి మునిగిందని ఊరందరికీ తెలుసు. అందులో దానయ్య ఉన్నాడనే ఎవులికీ తెలీదు. బాగున్నాడని అబద్ధమాడీయొచ్చు ఎర్రమ్మ. ఆడితే ఇదీ ఒదిన లాగే దూలం కేసి సూస్తా కూకోవాల కదా. అందుకని పీటడిగి, ఎక్కి, ఏడుస్తా ఏడుస్తా సేప దించింది. ఆడపడుసు దించితే ఏటో దానయ్యే సెప్పుంటాడు, ఆ మనిషి అక్కడే కూలబడిపోనాది. ఎర్రమ్మ ఆ సేపని కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఒదినకి ఆ అంగడి మనిషి సంగతంతా సెప్పి, ఇంటికాడిదీ దించింది. రెండు సేపలూ ఒక్క అలకే ఒదిలేరు. నూకాలు ఏడ్సినంతసేపు ఏడ్సి, ఒడ్డునే కూకుని అడిగిందంట, "ఒసే ఎర్రీ, ఆ మనిషికి తోడెవులైనా ఉన్నారేటే?" అని. ఈ కత ఇంటే దానయ్యని తిట్టీవోల్లున్నారు, తిట్టండి. నానైతే నూకాలు మాటకాడే కత ఆపీస్తాను. అంతే, లెగండింక.