బొటనవేలి కింది రూపాయి

జాలారిపేట ఒడ్డున చేపలు ఎండబెట్టే ఇసక. రెండువేల మూడు, కార్తీకమాసం, మిట్టమధ్యాహ్నం. నెత్తళ్ళు తిరగేస్తున్న ఈశ్వరి, ఆమె మేనబావ అబ్బులు.

“బొమ్మ.”

“బొరుసు. ఓడిపోనావ్.”

“మల్లీ ఎగరెయ్యి.”

“ఏటి మల్లీ? ఐదుసార్లు కోరుకున్నావ్, ఐదుసార్లూ ఓడిపోనావ్. అటు సూడు ఈశ్వరీ, కాకులు నీ నెత్తల్లు ఎత్తుకుపోతన్నాయి.”

“పోతే పోనీ. నిన్న నా కూతురు గుంట ఏది కోరుకుంటే అది పడ్డాది కదా. నాకేటి ఇలగ?”

“గుంట గెలిత్తే నవ్వుద్ది. నువ్వు ఓడిపోతే మూతి ముడుత్తావ్. నీ మూతి ముడుపు సూడ్డానికే వచ్చినాను నాను.”

“రేపు పెద్దల ముందు కూడా ఇలగే కూత్తావేటి బావా?”

“రేపు నాదేటున్నాది? నోరిప్పాల్సింది నువ్వు. నీ మొగుడు దాలయ్య సముద్రంలో పోయి ఏడేల్లు నిండిపోనాయి. శవం దొరక్కపోయినా ఏడేల్లయితే సచ్చినట్టే లెక్కని పెద్దలే తేల్సీసినారు. మీ అత్త గంగాలమ్మ కూడా ‘సరే’ అన్నాది. ఇంక నీ నోట్లోంచి ఒక్క ముక్క. అబ్బులుని మనువాడతాను, అంతే.”

“సెప్తాన్లే. ముందు ఇది నేర్పు.”

“రూపాయాటా? ఆడదానివి, నీకేల?”

“గుంట పీక్కుతింటన్నాది. ‘అబ్బులు మావ సేసినట్టు నువ్వూ సెయ్యమ్మా’ అనీసి. నేర్పవా, నేర్పవా?”

“నేర్పుతాను, నేర్పుతాను. ముందా సేతులు కడుక్కో. పొలుసు అంటుకుంటే ఏలికేటీ తెలవదు.”

“కడుక్కున్నాను.”

“తుడుసుకో. కొంగుతో కాదు, కొంగంతా ఉప్పే. ఇదిగో నా తువ్వాలు. ఆ… ఇప్పుడీ రూపాయి పట్టుకో. పాత పెద్ద రూపాయి ఇది. కొత్త సిన్న రూపాయి దీనికి పనికిరాదు.”

“పట్టుకున్నాను.”

“కల్లు మూసుకుని బొటనేలితో తడుము. ఏటి తగుల్తన్నాది?”

“గరుగ్గా ఉన్నాది. సింహాలు. బొమ్మ.”

“కల్లు తెరువు.”

“ఓలమ్మ! బొరుసు! గరుగ్గా తగిలింది కదా!”

“గరుగ్గా తగిలింది నీ ఏలి కాయ. పదేల్లు సేపలు కోసిన ఏలది. గోరు పక్కన మెత్తగుంటాది సూడు, దాంతో తడుము. సింహాలైతే గుట్టగా లేసుంటాయి. ఇటేపు ఒకటంకె, నున్నటి గీత.”

“ఆ… గీత. తెలుత్తన్నాది, తెలుత్తన్నాది!”

“అంతే ఇద్దె. ఎగరేసినావ్, గుప్పిట్లో పట్టినావ్. గుప్పిడి మూసినాకే ‘కోరుకో’ అనాల. అవుతలోడు నీ మొగం సూత్తా ఆలోసిత్తాడు. ఈలోగా నీ ఏలు లోపల పని సేసుకుంటాది. పైన బొమ్మున్నాది. ఆడు బొమ్మన్నాడు. నువ్వాడ్ని గెలిపించాల. ఏటి సేత్తావ్?”

“గుప్పిడి తెరిసి సూపించీడమే.”

“ఓడించాలంటే?”

“ఓడించాలంటే… తెలీదు.”

“ఎడం సేతి మీన బోర్లా కొట్టు. తిరగబడిపోద్ది. బొరుసైపోద్ది. తెరిసినా న్యాయంగానే కనిపిత్తాది, బోర్లించినా న్యాయంగానే కనిపిత్తాది. అవుతలోడు నీ కల్లలోకే సూత్తాడు గానీ సేతికేసి సూడడు.”

“ఇంతేనేటి? ఇంతే అయితే గుంటలూ సేత్తారు.”

“సెయ్యి సూద్దాం. నాను కోరుకుంటాను. ఎగరెయ్యి.”

“ఇదిగో. కోరుకో.”

“బొమ్మ.”

“బొరుసు! ఓడిపోనావ్ బావా!”

“ఏలు కదిపేటప్పుడు సేతికేసి సూసినావ్. అలగ సూడకూడదు. సూత్తే దొరికిపోతావ్.”

“ఎవుడు నేర్పినాడు నీకు?”

“పూర్ణా మార్కెట్ కాడ ఒక గారడీవోడు. రెండు బీడీలిచ్చినాను, నేర్పీసినాడు. పదిహేనేల్లయిపోద్ది. అప్పట్నుండి ఈ హార్బర్లో నాను డబ్బులిచ్చి టీ తాగినేదు. అందరూ నా కాడ ఓడిపోయినోల్లే.”

“ఎవలికీ నేర్పినేదా?”

“ఎవలికి నేర్పుతాను? దాలయ్యకి ఒకపాలి సూపించినాను. ఆడి మట్టిబుర్రకెక్కినేదు.”

“సచ్చినోడ్ని అలగనకు.”

“అయ్యో, ఉన్న మాటేగా. వల ఇసరడమొకటే తెలుసు ఆడికి. మా మావ నిన్ను నాకివ్వకుండా ఆ ఎర్రిబాగులోడికిచ్చినప్పుడే అనుకున్నాను…”

“ఏటనుకున్నావ్?”

“ఏటీ లేదు. తిరగెయ్యి, నెత్తల్లు మాడిపోతన్నాయి.”

“అయితే పదిహేనేల్లలో ఒక్కపాలి కూడా ఓడిపోనేదు నువ్వు.”

“ఒక్కపాలి కూడా.”

“ఒక్కపాలి ఓడిపోనావ్ బావా.”

“ఎప్పుడు?”

“తాతబాబు బోటు కాడ.”

“అదెప్పటి మాట?”

“ఐసెక్కువైపోనాది, ఎనిమిది మందిని మొయ్యలేదు, ఒకడు దిగిపోవాల అన్నాడు బోటు నడిపే సరంగు తాతబాబు. దిగితే నువ్వో, దాలయ్యో. రూపాయి ఎగరేసింది నువ్వు. కోరుకుంది దాలయ్య. క్యారేజీ పట్టుకుని పక్కనే ఉన్నాను కదా నాను, పొట్టేసుకుని.”

“ఉన్నావేమో. గేపకం లేదు.”

“నాకున్నాది. బొమ్మన్నాడు దాలయ్య. బొమ్మే పడ్డాది. దాలయ్య బోటులో ఉండిపోనాడు, నువ్వు దిగిపోనావ్.”

“సెయ్యి తడిగా ఉన్నాదేమో. ఐసు మోసిన సెయ్యి కదా. అన్ని దినాలూ ఒకలాగుంటాయేటి?”

“తువ్వాలుతో తుడుసుకున్నావ్.”

“తువ్వాలూ తడిదే.”

“అవునా?”

“అవును. అయినా ఓడిపోయినోడ్ని పట్టుకుని అడుగుతావేటే? ఏటకెల్లినోడికే వాటా. ఒడ్డున ఉండిపోయినోడికేటి, ఇసక! ఎంత ఏడిసినానో తెలుసా? ‘పాపం అబ్బులు, నోటి కాడ కూడు పోనాది’ అన్నారు అందరూ. ఆ దాలయ్యగాడైతే, బోటు కదిలినాక రెండు సేతులూ ఎత్తి మరీ నాకు దండం పెట్టినాడు. నవ్వుతా. ఎంత ఎక్కిరింపు! గెలిసినోడి పొగరది. ఇప్పటికీ కల్లల్లో మెదుల్తాది.”

“నిజం సెప్పు బావా. కావాలనే ఓడిపోనావ్ కదా?”

“ఎవుడైనా కావాలని ఓడిపోతాడేటి?”

“నువ్వు ఓడిపోనావ్. నా మీన ఒట్టేసి సెప్పు. నాకు కోపం లేదు. ఎందుకు ఓడిపోనావో ఒక్క మాట సెప్పీ. ఆ మాట ఇనాలనే ఉన్నాను. ఇంటే, రేపు పెద్దల ముందు తలెత్తుకుని ‘ఊ’ అంటాను.”

“నీకెవులు సెప్పినారు?”

“ఏటి?”

“కొండలరావేనా? టీ కొట్టు కొండలరావేనా? ముసలోడికి సెముడనుకున్నాను. ఏటి సెప్పినాడు నీకు?”

“కొండలరావుకేటి తెలుసు బావా?”

“ఏటీ తెలీదు. ఊరికే అన్నాను.”

“ఊరికే అనవు నువ్వు. కొండలరావు టీ కొట్లో ఏటి జరిగినాది?”

“సెప్పినాను కదా, ఏటీ లేదని.”

“సాయంత్రం నానెల్లి ఆడ్నే అడుగుతాను. సెముడైతే సెవిలో అరిసి అడుగుతాను, నలుగురూ ఇనేలాగ.”

“ఈశ్వరీ! కూకో. కూకోయే. సెప్తాను. నువ్వు కోపం లేదన్నావ్.”

“లేదు.”

“ఆ దినం తెల్లారగట్ల టీకెల్లినాను. రేడియోలో సెప్తన్నాడు. వాయుగుండమని. ఏటకెల్లొద్దని.”

“మరి?”

“భయమేసినాది. నాకొక్కడికే ఇనిపించినాది. ఆల్లంతా జెట్టీ మీన ఐసెక్కిత్తన్నారు.”

“టీకి రానేదా ఆల్లు?”

“వచ్చినారు.”

“అప్పుడు రేడియో ఏటి సెప్తన్నాది?”

“పాటలు. కొండలరావుతో అన్నాను, ఈ వార్తల గోలేటి, పాటలెట్టని. పెట్టినాడు.”

“పాటలెట్టించినావ్.”

“అది కాదు, నా మాటిను. వార్తలిన్నా తాతబాబు ఆగేవోడు కాదు. రేడియోవోడు ఎప్పుడూ ఇలగే భయపెడతాడనేవోడు. భయపడి దిగిపోతే నన్ను జీవితమంతా ఆడంగోడనేవోల్లు. ఐసెక్కువైపోనాది, ఒకడు దిగాల అన్నాడు కదా, అదే దారనుకున్నాను. ఓడిపోయి దిగిపోతే ఎవుడూ నవ్వడు. ఓడిపోయినోడ్ని ఎవుడూ అనుమానించడు.”

“దాలయ్య సెవిలో ఒక్క మాట ఊదితే సరిపోయీది కదా.”

“ఊదితే ఆడే దిగిపోయీవోడు.”

“దిగిపోతే?”

“దిగిపోతే… ఇంకేటి, దిగిపోయీవోడు.”

“దిగిపోతే బతికీవోడు. బతికితే నాను ఆడి పెల్లాన్నే.”

“ఆ మాట నాను అననేదు. నువ్వంటన్నావ్.”

“నువ్వనేదు. నాకు ఇనిపించినాది.”

“ఏడేల్లు నీ ఇంటికి బియ్యం మోసినాను. గుంటకి జొరమొత్తే ఎత్తుకుని పరిగెట్టినాను. మల్లీ బోటెక్కినేదు. అదేటీ కాదేటి?”

“అవును, మోసినావ్. ఎందుకు మోత్తన్నావో నాకు తెలుసనుకున్నాను.”

“ఏటి తెలుసు నీకు?”

“ఆ దినం రూపాయాటయినాక దాలయ్య నా కాడికొచ్చినాడు. అగ్గిపెట్టి మర్సిపోనానన్నాడు. అగ్గిపెట్టి ఆడి జేబులోనే ఉన్నాది. మాట సెప్పడానికొచ్చినాడు.”

“ఏటి మాట?”

“‘నాను గెలవలేదే, అబ్బులు గెలిపించినాడు’ అన్నాడు. నువ్వు ఒకపాలి సూపించినావ్ కదా ఈ ఇద్దె? మట్టిబుర్రకెక్కినాది బావా. సెయ్యడం రానేదు గానీ, సూత్తే తెలిసినాది. గుప్పిట్లో నీ బొటనేలు కదలడం సూసినాడు.”

“సూసినాడా?”

“సూసి, మురిసిపోనాడు. ‘నీకు నెలలు నిండుతన్నాయి, పురుడికి నాలుగు రూపాయలు కావాలని తెలిసి, అబ్బులు తన వాటా మనకొదిలీసినాడే. అడిగితే మనం వద్దంటామని కావాలని ఓడిపోనాడే. నిన్ను నాకిచ్చినారని కోపమున్నాదనుకున్నాను, తప్పు నాదే’ అన్నాడు. ‘తిరిగొచ్చినాక మొదటి కోనెం సేప ఆడిదే, ఎంత పెద్దదైనా సరే’ అన్నాడు.”

“ఈశ్వరీ…”

“ఆ మాట ఏడేల్లు దాసుకున్నాను. ఎవలికీ సెప్పినేదు, మా అత్తకి కూడా. ఇంత మంచోడు నా సుట్టూ తిరుగుతుంటే కాదనడం పాపమనుకున్నాను. రేపు ‘ఊ’ అందామనే ఉన్నాను. ఆ మాట ఒక్కపాలి నీ నోటంట ఇనాలనిపించినాది. దానికే ఈ రూపాయాట నేర్పమన్నాను. గుంట అడగనేదు.”

“అయితే… ‘మీ కోసమే ఓడిపోనాను’ అనుంటే…”

“నీ ఇంటికొచ్చీసుండును. సచ్చేదాకా నాకు తెలిసుండేది కాదు. అబద్దం సెప్పడం కూడా రానేదు నీకు.”

“పెద్దలకి సెప్పకు. వద్దంటే వద్దను, మనువు మానీ. సెప్పకు. ఈ పేటలో బతకనివ్వరు నన్ను.”

“నానెందుకు సెప్తాను? నువ్వే సెప్తావ్. రేపు ఆ పెద్ద రూపాయి తెచ్చుకో. ఆ బోటులో పోయిన మిగిలిన ఆరుగురి పెల్లాలూ వత్తారు. ఆల్ల సేతులూ నా సేతుల్లాగే, కాయలు కాసుంటాయి. కడుక్కోమను. నీ తువ్వాలుతో తుడుసుకోమను. గోరు పక్క మెత్తటి సోట ఎలగ తడమాలో ఒక్కొక్కర్తికీ ఓపిగ్గా నేర్పు. ఆకర్న రేడియో సంగతి సెప్పు.”

“సంపీత్తారే నన్ను!”

“సంపరు. ఆల్లు సేపలు కోసీవోల్లు, మెల్లిగా సేత్తారు పని.”

“ఈశ్వరీ, నీ కాల్లట్టుకుంటాను. ఇదిగో, నీకు దండం పెడతన్నాను. రెండు సేతులెత్తి దండం పెడతన్నాను.”

“దించు. బోటు మీంచి ఆడు నీకెట్టింది ఎక్కిరింపు కాదు బావా. అదే దండం.”